కొంచెం నెమ్మదిగా, కొంచెం కింది శ్రుతిలో

దోన్ ఎలాదియోకి ఈ ప్రపంచం మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ప్రతిదీ ఉండాల్సినదానికంటే కొంచెం వేగంగా, కొంచెం పై శ్రుతిలో ఉంది. కోడి కూత, చర్చి గంట, బస్సు హారను, పసిపిల్ల ఏడుపు, ఏది చెవిన పడినా ఆయనకి ఒకటే. టోపీ తీసి గుండెకి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, చాలా మర్యాదగా చెబుతారు: "కొంచెం నెమ్మదిగా. కొంచెం కింది శ్రుతిలో."

మా ద్వీపంలో, పోన్సే ఊళ్ళో ఆయన పియానో మాస్టారు. మా ఆయన రూఫీనో ఆయనకి జంట. ఇద్దరూ రెండు పియానోల మీద కలిసి వాయించేవారు. ఆ రెండు పియానోలూ మా ముందుగదిలోనే. వాటి మధ్య నుంచి వంటింట్లోకి వెళ్ళాలంటే పక్కకి తిరిగి నడవాలి. సోఫాకి చోటు లేదు గనక మా ఇంటికొచ్చిన చుట్టాలందరూ పియానో బల్లల మీదే కూర్చుని కాఫీ తాగారు. మా అమ్మాయికి జ్ఞానస్నానం చేయించినప్పుడు ధర్మపిత ఆయనే. నన్ను చెల్లెమ్మా అంటారు, నేను అన్నయ్యా అంటాను.

నా పెళ్ళికి చర్చిలో, పైన గ్యాలరీలో కూర్చుని ఆర్గను వాయించింది కూడా ఆయనే. పెళ్ళికూతురు ఆర్గను నడకకి తగ్గట్టు అడుగు వేయాలి కదా. మొదటి స్వరం వచ్చింది, ఒక అడుగు వేశాను. రెండో స్వరం కోసం నిలబడ్డాను. అది రాలేదు.

"కాళ్ళు నొప్పా, తల్లీ?" అన్నాడు మా నాన్న చెవిలో.

"కాదు నాన్నా. స్వరం రాలేదు."

వెనకనుంచి మా అత్తగారు వాళ్ళ చెల్లెలితో అంటున్న మాట చర్చంతా వినబడింది. "ఇది పెళ్ళా, గుడ్ ఫ్రైడే ఊరేగింపా?" కొవ్వొత్తులు కరిగి కారుతున్నాయి. ఫాదర్ గారు రెండుసార్లు దగ్గారు. చివరికి అక్కడ ముందర నిలబడ్డ పెళ్ళికొడుకు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని పైకి కేకేశాడు.

"ఒరే ఎలాదియో! నాకు ఈ జన్మలోనే పెళ్ళి కావాలిరా!"

పైనుంచి నిదానంగా జవాబొచ్చింది. "తొందరేముందిరా. జీవితాంతం ఉండే అమ్మాయేగా."

ఐసు గీరి దాని మీద చింతపండు పాకం పోసి అమ్మే చెయో అనే అతను మా వీధికి వచ్చేవాడు. ఒక మిట్టమధ్యాహ్నం దోన్ ఎలాదియో అతన్ని ఆపేశారు.

"నీ కేక వింటే దాహం వేయదు నాయనా, ఎక్కడో ఇల్లు అంటుకుందేమోనని భయం వేస్తుంది. రెండు మెట్లు దించు. ఏదీ, అను."

చెయో దించి అరిచాడు.

"బాగుంది. ఇప్పుడు కొంచెం సాగదియ్యి."

"అయ్యా, ఐసు కరిగిపోతోంది."

"చూశావా? అది కూడా తొందరపడుతోంది."

పిల్లలంతా బండి చుట్టూ చేరి ఆ కొత్త కేకని నెలరోజులు అనుకరించారు. ఐసు నీళ్ళయింది. ఆ నీళ్ళనే గ్లాసుల్లో పోయించి వీధి మొత్తానికి ఆయనే ఇప్పించారు. తాగినవాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి, గుక్కలు నెమ్మదిగా వేయమని కూడా చెప్పి వచ్చారు.

కోకీ కప్పల సంగతి చెబితే మీరు నమ్మరు. మా పెరట్లో అరటిచెట్ల కింద అవి పాడేది రెండే స్వరాలు. కో, కీ. ఒక సాయంత్రం వాన వెలిశాక ఆయన నీళ్ళతొట్టి పక్కన గొంతుక్కూర్చుని ఒక కప్పకి పాఠం చెప్పడం నేను కళ్ళారా చూశాను. "కో దగ్గర బాగానే ఉందమ్మా. కీ దగ్గరే పైకి పోతున్నావు."

మర్నాడు వచ్చి అడిగారు. "ఏమన్నా తేడా వచ్చిందా చెల్లెమ్మా?"

"వచ్చిందన్నయ్యా. నిన్నటిది పారిపోయింది. ఇవాళ పాడుతున్నది వేరేది."

భోజనానికి కూర్చున్నా అదే వరస. ఏ వస్తువుకైనా శ్రుతి ఏమిటి, నడక ఏమిటి, భావం ఏమిటి అని మూడూ తేల్చుకుంటే గానీ ఆయనకి ముద్ద దిగదు. "ఇవాళ పులుసు మైనరులో ఉంది" అనేవారు చెంచా పైకెత్తి. "ఉప్పు తక్కువైందని చెప్పచ్చుగా అన్నయ్యా" అనేదాన్ని. "అదే చెప్పానుగా" అనేవారు.

మా ఆయనది దీనికి సరిగ్గా వ్యతిరేకం. రూఫీనోకి అన్నీ ఇప్పుడే కావాలి. కాఫీ కప్పులో పడకముందే తాగేసే రకం. వీళ్ళిద్దర్నీ చిన్నప్పుడే జత చేసింది వాళ్ళ గురువు దోన్యా పురా. ఒకడిని ఆపేవాడూ ఒకడిని నెట్టేవాడూ లేకపోతే ఇద్దరూ ఎక్కడికీ చేరరని ఆవిడ లెక్క. ఆ లెక్క ప్రకారం జీవితాంతం ఒకడు ఆపుతూ, ఒకడు నెడుతూ, మా ముందుగదిలో పోట్లాడుకున్నారు.

"ఎలాదియో, నువ్వు ఈ పేజీ తిప్పేలోపు నాకు మనవలు పుడతారు."

"పుట్టనీ. వాళ్ళకైనా శ్రుతి నేర్పుతాను."

ఆ దోన్యా పురా రెండు పియానోల కోసం ఒక సంగీతం కట్టింది. అది మా ఊళ్ళో గడిచే ఒక రోజు. తెల్లవారడం, మధ్యాహ్నపు ఎండ, వాన, చివర కార్నివాల్. కార్నివాల్ భాగం ఇ మేజర్ అనే శ్రుతిలో ఉంటుంది. విన్నవాడి కాళ్ళు వాటంతటవే ఆడతాయి. దాని నెత్తిన ఆవిడ తన చేత్తో ఒక మాట రాసింది. కొమ్ముల ముసుగులవాళ్ళు తరుముతుంటే పిల్లలు నవ్వుతూ పరుగెత్తినంత వేగంగా వాయించాలని. ఆవిడ పోయాక దాన్ని వాయించేవాళ్ళు లోకంలో వీళ్ళిద్దరే మిగిలారు. రికార్డు చెయ్యాలి, చెయ్యాలి అనుకుంటూనే ఏళ్ళు గడిచిపోయాయి. "చేద్దాంలేరా, తొందరేముంది" అన్నది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

ఈలోగా రూఫీనో వేళ్ళు పట్టేయడం మొదలైంది. మొదట చొక్కా బొత్తాలు. తర్వాత కాఫీ కప్పు. పొద్దున్నే సారాలో నానబెట్టిన బే ఆకులతో నేను ఒక్కొక్క వేలూ రుద్దేదాన్ని. డాక్టరు చేతులు తిప్పి తిప్పి చూసి, ఉన్నంతలో వాయించుకోమన్నాడు. రూఫీనో ఇంటికొచ్చి తలుపేసుకుని కార్నివాల్ మొదలుపెట్టేవాడు. నేను వంటింట్లో ఉల్లిపాయలు కోస్తూ వినేదాన్ని. పరుగు బాగానే అందుకునేది. సరిగ్గా ఒకే మలుపు దగ్గర తడబడి పడిపోయేది. మళ్ళీ మొదటినుంచి. మళ్ళీ అక్కడే. ఆ తర్వాత పియానో మూత పడిన చప్పుడు.

దోన్ ఎలాదియో ఒక రోజు మెల్లగా కదిపి చూశారు. "ఇప్పుడు రికార్డు చేసేద్దాంరా."

"ఇప్పుడు తొందరొచ్చిందా నీకు!" అని మండిపడ్డాడు రూఫీనో. "చేస్తే దోన్యా పురా రాసిన వేగంలోనే చెయ్యాలి. పిసరు తగ్గినా ఆ టేపు మీ కళ్ళముందే తగలబెడతాను. ముసలాడు ముక్కుతూ వాయించాడని ఊరు చెప్పుకోవద్దు. నా బదులు ఏ కుర్రాణ్ణో కూర్చోబెడతానన్నావా, నీ మొహం చూడను."

దోన్ ఎలాదియో టోపీ పెట్టుకుని వెళ్ళిపోయారు. మర్నాడు శ్రుతి చేసే పనిముట్ల సంచీతో వచ్చారు. మా రెండు పియానోల మూతలూ తెరిచి, తీగల మధ్య తల దూర్చి, పొద్దుపోయేదాకా తిప్పారు, వదిలారు, తిప్పారు. ఆయన లేచాక రూఫీనో ఒక మెట్టు నొక్కి అదిరిపడ్డాడు.

"ఏం చేశావురా! పాతాళానికి దించేశావు! తీగలు తడిబట్టల్లా కొట్టుకుంటున్నాయి!"

"అదే అసలు శ్రుతి. దోన్యా పురా ఇంట్లో పియానో సముద్రపు గాలికి దిగిపోయి సరిగ్గా ఇక్కడే ఉండేది. ఆవిడ చెవిలో కార్నివాల్ పుట్టింది ఈ శ్రుతిలోనే."

"ఆవిడ ఇ మేజర్ అని రాసిందిరా!"

"రాసింది. విన్నది మాత్రం ఇది. శ్రుతి దిగితే నడకా దిగాలి. ఇంత కింద పరుగెత్తితే స్వరాలు ఒకదాని మీద ఒకటి పడి బురదవుతాయి. నేను ఇలాగే వాయిస్తాను. నీకు ఇష్టం లేకపోతే వేరే జంటని చూసుకో."

రూఫీనో నా వైపు తిరిగాడు. "విన్నావా ఒటిలియా? వీడికి ముదిరిపోయింది. ఇన్నాళ్ళూ కప్పల దాకే ఉండేది."

నేనూ అలాగే అనుకున్నాను. ఊరూ అలాగే అనుకుంది. దోన్ ఎలాదియో నెమ్మదిగా వాయిద్దామంటే అందులో ఎవరికి అనుమానం వస్తుంది? వారం రోజులు వాదించి, తిట్టి, అన్నం మానేసి, రూఫీనో లొంగాడు. ఆ నడకలో ఆ మలుపు దగ్గర అతని వేళ్ళు తడబడలేదన్న సంగతి గమనించాను గానీ, నోరెత్తలేదు. ఆ మాట పైకి అంటే ఏమవుతుందో నాకు తెలుసు.

రికార్డింగుకి రేడియో స్టేషను నుంచి గమలియెల్ అనే అతను పెద్ద టేపు మెషీను మోసుకుని వచ్చాడు. కిటికీలకి పరుపులు కట్టాం. పక్కింటివాళ్ళ పుంజుని గంప కింద మూశాం. మూసేముందు దోన్ ఎలాదియో దానికి చెప్పాల్సింది చెప్పారు. చెమటలు కక్కుతూ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. రూఫీనోకి వాయిస్తున్నప్పుడు రాగం తీస్తూ నోట్లో ఏదో గొణుక్కునే అలవాటు. మైకు పక్కనే పెట్టారు, గొణగొద్దని గమలియెల్ బతిమాలాడు. అలాగే అన్నాడు. మొదటి స్వరం పడగానే మొదలెట్టాడు.

కార్నివాల్ ముగిసింది. ఒక్క చోట కూడా తడబడలేదు. కానీ రూఫీనో మొహం వాడిపోయింది.

"పిల్లలు పరుగెత్తడమా ఇది! బామ్మలు మందుల షాపుకి వెళుతున్నారు! తగలబెట్టెయ్యండి."

"రికార్డు వచ్చాక విని తగలబెట్టు" అన్నారు దోన్ ఎలాదియో.

"నువ్వు అగ్గిపెట్టె తీసుకురా అయితే."

టేపుని రాజధానికి పంపి రికార్డు కొట్టించారు. అది వచ్చిన రోజు రూఫీనో కుర్చీని గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. తన మొహం మేము చూడకూడదని. అగ్గిపెట్టె నిజంగానే చొక్కా జేబులో ఉంది. దోన్ ఎలాదియో పిన్ను ఆనించారు. తెల్లవారింది, ఎండ కాసింది, వాన కురిసింది. ఆపైన కార్నివాల్ అందుకుంది.

ఏమని చెప్పను! గది నిండా పిల్లలే. పరుగే పరుగు. ఆ మలుపు దగ్గర నేను ఊపిరి బిగబట్టాను. స్వరాలు దాని మీంచి ఎగిరి దూకి అవతలికి వెళ్ళిపోయాయి. రూఫీనో గోడ వైపు నుంచి మెల్లగా ఇటు తిరిగాడు.

"ఒరే... ఇది మనమేనా? అంత నెమ్మదిగా ఏమీ లేదే!"

"నేను చెబుతూనే ఉన్నాను" అన్నారు దోన్ ఎలాదియో, పైకప్పు చూస్తూ.

"శ్రుతి కూడా పైకొచ్చింది. ఇ మేజరే కదరా ఇది!"

"మెషీను వేడికి శ్రుతి లేస్తుంది. ఇది లేస్తుందని తెలిసే ముందే దించాను. చెబితే నువ్వు వింటావా?"

రూఫీనో రికార్డు వైపు చూశాడు, తన చేతుల వైపు చూశాడు. నమ్మాలని అంత ఆశపడుతున్న మనిషిని నమ్మించడానికి ఎంతసేపు? ఒక్కసారిగా లేచి తొడ చరిచాడు.

"ఇప్పుడర్థమైంది! నా వేళ్ళకి ఏమీ కాలేదు. నీ నస వినీ వినీ నేనే నెమ్మదయ్యాననుకున్నాను. నువ్వు వెనక్కి లాగుతుంటే నేను ఈడ్చుకెళ్ళానురా!"

"అవును. ఈడ్చుకెళ్ళావు."

"మరి ఈ కూనిరాగం ఎవరిది? కుర్రాడి గొంతులా ఉంది. నాది కాదు."

 వాయిస్తూ నోరు కదిపేవాళ్ళంటే దోన్ ఎలాదియోకి పరమ అసహ్యం. "నాది" అన్నారు.

"నీదా! ఇన్నేళ్ళూ నన్ను తిట్టి, నువ్వు పాడావా? అదీ అంత పై శ్రుతిలో!"

"ఆనందం పట్టలేక."

ఆ తర్వాత రూఫీనో బతికిన ఏడాదిన్నరా ఊరందరికీ ఇదే కథ. మంగలి షాపులో, చౌకులో బెంచీల మీద, చర్చి మెట్ల మీద, ఎవరు దొరికితే వాళ్ళకి. "ఎలాదియో లాగాడు, నేను ఈడ్చుకెళ్ళాను. వినండి, వెనకాల ఆడపిల్లలా పాడేది వాడే." చెయో కూడా బండి ఆపి అడిగాడు: "అయ్యా, నన్ను దించమని మీరు అంత పైకి పోయారేంటి?" పక్కన నిలబడ్డ దోన్ ఎలాదియో టోపీ తీసి తల వంచేవారు.  రూఫీనో చేతులు ఇక చెంచా కూడా పట్టలేని రోజుల్లో, చెంచా నేను పట్టుకుంటే, ఆ కథ మాత్రం నవ్వుతూ తానే చెప్పుకునేవాడు.

రూఫీనో పోయాడు. తొమ్మిది రోజుల జపమాల ప్రార్థనల్లో చివరి సాయంత్రం గమలియెల్ వచ్చాడు. అందరూ లేచాక కాఫీ కప్పు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"దోన్యా ఒటిలియా, దోన్ రూఫీనో ఉండగా చెప్పొద్దని దోన్ ఎలాదియో మాట తీసుకున్నారు. ఇప్పుడు చెప్పచ్చనుకుంటాను. టేపుని వేగంగా తిప్పితే పాట నడక పెరుగుతుంది. దాంతోపాటే శ్రుతీ లేస్తుంది. ఒకటి పెంచి రెండోది ఆపడం మెషీనుకి చేతకాదు. అందుకే దోన్ ఎలాదియో ముందే పియానోలు దించేశారు. ఎంత దించితే ఎంత నెమ్మదించవచ్చో, తిరిగి ఎంత తిప్పితే దోన్యా పురా రాసినచోటికి వస్తుందో, నా పక్కన కూర్చుని మళ్ళీ మళ్ళీ వేయించి తేల్చుకున్నారు. వాయించింది మాత్రం అంతా దోన్ రూఫీనో వేళ్ళే. అది గుర్తుపెట్టుకోమన్నారు."

"మరి వేడికి శ్రుతి లేవడం?"

"ఆ వేడి సంగతి నాకు తెలియదమ్మా" అన్నాడు గమలియెల్.

మర్నాడు దోన్ ఎలాదియో వచ్చేసరికి నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను.

"ఊరంతా మిమ్మల్ని నవ్వుతుంటే ఊరుకున్నారేం అన్నయ్యా?"

ఆయనకి విషయం అర్థమైంది. టోపీ అంచు చుట్టూ వేళ్ళు తిప్పుతూ చెప్పారు. "తొందరేముంది, తొందరేముంది అని వాడి మంచి వేళ్ళున్న రోజులన్నీ నేనే తినేశాను చెల్లెమ్మా. కొన్నయినా తిరిగివ్వాలి కదా." అంతలోనే దెబ్బలాటకి వచ్చినట్టు అన్నారు. "ఆ కూనిరాగం మాత్రం నాది కాదు. అది నువ్వు తెలుసుకోవాలి. నేను శ్రుతి తప్పను."

"అంటే ఆ కుర్రాడి గొంతు..."

"వాడిదే. పియానోలతో పాటు అదీ పైకి లేచింది."

 రూఫీనో గొంతు విని అప్పటికి పదిరోజులైంది. ఆయన నా మొహం చూసి లోపలికొచ్చి రికార్డు పెట్టారు. వాన దగ్గర పిన్ను దించి, తిరుగుతున్న పళ్ళెం అంచు మీద చూపుడువేలు ఆనించారు. నొక్కలేదు, ఊరికే ఆనించారు. అలాంటి వేలు ఈ ద్వీపంలో ఇంకొకటి లేదు. పళ్ళెం ఎంత నెమ్మదించాలో సరిగ్గా అంతే నెమ్మదించింది. ఒక్క వణుకు లేదు. వాన మెల్లబడింది. పియానోలు ఒక్కొక్క మెట్టూ దిగి మా ఇంటి శ్రుతికి వచ్చాయి. కార్నివాల్ మొదలైంది. పిల్లలు పరుగు మానేసి, చేతులు పట్టుకుని ఇంటికి నడిచొస్తున్నారు. వాళ్ళ వెనక, పొగాకు వాసన కూడా వచ్చినట్టనిపించేంత దగ్గరగా, బొంగురు గొంతుతో రూఫీనో.

రాగం తీస్తూ తీస్తూ ఒకచోట, దోన్ ఎలాదియో పియానో ఒక్కటే మోగుతున్నప్పుడు, మాటల్లోకి దిగాడు. మామూలు వేగంలో అది ఎవరికీ అందని గొణుగుడు. ఇప్పుడు అక్షరం అక్షరం వినబడింది.

"కానీరా ఎలాదియో... నువ్వు ఇలా ఈడిస్తే లోపల ఒటిలియా చిక్కుళ్ళు మాడిపోతాయి."

నాకు నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్ళయిందో. దోన్ ఎలాదియో వేలు మాత్రం పళ్ళెం మీంచి కదలలేదు.

"మాడాయా ఆ రోజు?" అన్నాను. "తలుపు సందులోంచి వింటూ వాటి సంగతే మరిచిపోయాను. మీరిద్దరూ ఏమీ అనలేదే."

"నల్లగా మాడాయి" అన్నారాయన. "లేకపోతే నీదాకా రానీకుండా ఇద్దరం రెండోసారి ఎందుకు వడ్డించుకుంటాం?"